ప్రత్యామ్నాయ ఎలక్ట్రానిక్ విడిభాగాల ఎంపిక: ధర తగ్గింపు – నాణ్యతా పరిరక్షణ

వ్యాససంగ్రహం

ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలోనూ, మరమ్మతులోనూ ఒక విడిభాగానికి బదులుగా అంతకన్నా చవకైన మరొక విడిభాగాన్ని వాడటం సర్వసాధారణం. ఈ మార్పు కొన్నిచోట్ల నిరపాయంగా జరిగిపోతుంది. కొన్నిచోట్ల పరికరం ఆయుష్షును తగ్గిస్తుంది. మరికొన్నిచోట్ల ప్రాణాపాయానికి దారితీస్తుంది. ఈ మూడింటి మధ్య తేడాను విడిభాగం పైనున్న నంబరు చెప్పదు, అది పనిచేసే సర్క్యూట్ చెబుతుంది. కెపాసిటర్లు, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, వోల్టేజి రెగ్యులేటర్లు, మైక్రోకంట్రోలర్ల ఉదాహరణలతో ప్రత్యామ్నాయాన్ని ఎంచుకునే పద్ధతిని, పరీక్షించే మార్గాలను, మార్చకూడని స్థానాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విడిభాగాలు, ప్రత్యామ్నాయం, నకిలీ, డేటాషీట్, కెపాసిటర్, రెగ్యులేటర్, నాణ్యత, భద్రత

1. ప్రవేశిక

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ వీధిలోనో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో విడిభాగాలు అమ్మే దుకాణం ముందు కాసేపు నిలబడితే తరచుగా వినిపించే మాట ‘ఈక్వలెంట్’. అడిగిన నంబరు లేకపోతే దుకాణదారు మరో నంబరు చెబుతాడు. అది పనిచేస్తుందని అతని అనుభవం. చాలాసార్లు ఆ అనుభవం నిజమే అవుతుంది. ఒక తరం టెక్నీషియన్లు ఏ ట్రాన్సిస్టరుకు ఏది సమానమో చూపే పట్టికల పుస్తకాలను దగ్గర ఉంచుకునే పనిచేశారు. అయితే నిఘంటువులో పర్యాయపదాలుగా కనిపించేవన్నీ పద్యపాదంలో ఒకదాని చోట ఒకటి ఒదగనట్లే, పట్టికలో సమానమైనవన్నీ సర్క్యూట్‌లో సమానం కావు.

ప్రత్యామ్నాయం వెతకడం కక్కుర్తి పని కాదు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ దాని మీదే పెరిగింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1960ల్లో తెచ్చిన 7400 శ్రేణి లాజిక్ చిప్‌లను అనేక సంస్థలు అవే నంబర్లతో, అవే కాళ్ల అమరికతో తయారుచేశాయి. తమ పర్సనల్ కంప్యూటరుకు వాడే ప్రాసెసర్ ఒకే సంస్థ వద్ద దొరికితే చాలదని ఐబీఎం పట్టుబట్టడంతో, ఇంటెల్ 1982లో ఏఎండీకి తన 8086 కుటుంబపు ప్రాసెసర్లను తయారుచేసే హక్కు ఇచ్చింది. సిగ్నెటిక్స్ సంస్థ కోసం హాన్స్ కామెంజిండ్ రూపొందించి, 1972లో మార్కెట్లోకి వచ్చిన 555 టైమర్ నేటికీ పలు సంస్థల పేరిట చవకగా దొరుకుతున్నదంటే కారణం ఈ రెండో వనరు సంప్రదాయమే.

మరోవైపు హెచ్చరికలూ ఉన్నాయి. 2000ల తొలి సంవత్సరాల్లో కంప్యూటర్ మదర్‌బోర్డులపై ఉన్న అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, లోపలి ద్రవాన్ని కక్కాయి. నీటిపాళ్లు ఎక్కువగా ఉండే ఎలక్ట్రోలైట్‌లో అల్యూమినియం క్షయాన్ని అడ్డుకునే రసాయనాలు సరిగా లేకపోవడం వల్ల లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి ఒత్తిడి పెరగడం దీనికి కారణం. ఇటువంటి కెపాసిటర్లు ఉన్న ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల మరమ్మతు, మార్పిడి కోసం డెల్ సంస్థ 2005లో సుమారు 30 కోట్ల డాలర్ల భారాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది. చెడిపోయిన ఒక్కో భాగం విలువ ఆ మొత్తం ముందు లెక్కలోకి కూడా రాదు.

2. ప్రత్యామ్నాయం వేరు, నకిలీ వేరు

చవకైన వస్తువు అనగానే నకిలీ అనుకోవడం, నకిలీని చూసి ‘పనిచేస్తోంది కదా’ అని సరిపెట్టుకోవడం – రెండూ పొరపాట్లే. తన పేరుతో, తన డేటాషీట్‌తో వచ్చేది ప్రత్యామ్నాయం. ఇంకొకరి పేరు పైన వేసుకుని వచ్చేది నకిలీ. మొదటిదానిలో ఏముందో తెలుసుకునే వీలుంది. రెండోదానిలో ఏముందో చదవడానికి కాగితమే లేదు.

కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టును మైక్రోకంట్రోలరుతో కలిపే చిప్‌ల విషయంలో జరిగినది ఈ తేడాకు చక్కని ఉదాహరణ. ఎఫ్‌టీడీఐ సంస్థ తయారుచేసే ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ ఈ రంగంలో పేరుపొందిన చిప్. దాని పేరుతో మార్కెట్లో తిరిగిన కొన్ని చిప్‌లను పైకప్పు తొలగించి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు లోపలి సిలికాన్ నిర్మాణమే పూర్తిగా వేరని తేలింది. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్, నకిలీ చిప్‌లలోని ఉత్పత్తి గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చింది. దాంతో అవి ఉన్న పరికరాలను కంప్యూటర్ గుర్తించడం మానేసింది. విమర్శలు వెల్లువెత్తడంతో ఆ డ్రైవరును ఉపసంహరించారు. అయితే అప్పటికే నష్టపోయినవారిలో, తాము కొన్నది అసలుదే అనుకున్న చిన్న తయారీదారులు, వారి వినియోగదారులు ఉన్నారు. నకిలీని తయారుచేసినవాడికి అంటిన నష్టం ఏమీ లేదు.

అదే పనికి డబ్ల్యూసీహెచ్ సంస్థ తయారుచేసే సీహెచ్340 శ్రేణి చిప్‌లు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. వీటికి సొంత పేరు, సొంత డ్రైవర్, సొంత డేటాషీట్ ఉన్నాయి. చవకగా దొరికే ఆర్డుయినో తరహా బోర్డుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. అయితే పాత చిప్ స్థానంలో వీటిని నేరుగా కూర్చోబెట్టడం కుదరదు. కాళ్ల అమరిక వేరు; సీహెచ్340జీకి బయట 12 మెగాహెర్ట్జ్ స్ఫటికం అవసరం, సీహెచ్340సీకి అక్కర్లేదు. అంటే బోర్డు రూపకల్పన దశలోనే నిర్ణయం జరగాలి. నిజాయతీ గల ప్రత్యామ్నాయం కొంత శ్రమ అడుగుతుంది. అడగనట్లు కనిపించేది నకిలీ.

3. డేటాషీట్‌లో చూడవలసినవి

విడిభాగాన్ని పోల్చేటప్పుడు చాలామంది మొదటి పుటలో పెద్ద అక్షరాలతో ఉన్న రెండు మూడు సంఖ్యలను చూసి ఆగిపోతారు. ఇక్కట్లు తరువాతి పుటల్లో ఉంటాయి.

రెసిస్టర్ల విషయం త్వరగా తేలిపోతుంది. సర్ఫేస్ మౌంట్ రకాల్లో 1 శాతం, 5 శాతం ఖచ్చితత్వాల మధ్య ధరలో తేడా నామమాత్రం కనుక అక్కడ పొదుపు వెతకడం దండగ. గమనించవలసినది వోల్టేజి పరిమితి. 0805 పరిమాణపు సాధారణ రెసిస్టరుకు అది సుమారు 150 వోల్టులు, 1206కు 200 వోల్టులు. మన ఇళ్లలోని 230 వోల్టుల సరఫరా శిఖర విలువ 325 వోల్టులు. కాళ్లున్న పాత రెసిస్టరు స్థానంలో అదే ఓంల విలువ గల చిన్న చిప్ రెసిస్టరును ఒక్కదాన్నే పెడితే వాటేజి లెక్క సరిపోయినా వోల్టేజి లెక్క సరిపోదు. రెండు మూడింటిని వరుసగా కలపడమే దీనికి మందు.

కెపాసిటర్ల వద్ద మాత్రం ఆగి ఆలోచించాలి. మరమ్మతు దుకాణాల్లో ఇప్పటికీ ‘కండెన్సర్’ అని పిలిచే ఈ భాగమే చవక పరికరాల్లో తరచుగా ముందు చెడిపోతుంది.

అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుపై మైక్రోఫారడ్లు, వోల్టులతోపాటు ఉష్ణోగ్రత కూడా ముద్రిస్తారు: 85 లేదా 105 డిగ్రీల సెల్సియస్. అది భరించగల వేడి మాత్రమే కాదు, ఆయుర్దాయానికి కొలమానం కూడా. డేటాషీట్‌లో ఆ ఉష్ణోగ్రత వద్ద ఎన్ని గంటలు పనిచేస్తుందో ఉంటుంది. వాడే ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడు ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. పరికరం లోపల 65 డిగ్రీలు ఉందనుకుందాం. 85 డిగ్రీల వద్ద 2,000 గంటల కెపాసిటర్ అక్కడ రెండుసార్లు రెట్టింపై 8,000 గంటలు పనిచేస్తుంది. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలదైతే నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలు. రాత్రింబవళ్లు నడిచే పరికరంలో మొదటిది ఏడాది తిరగకుండానే తన కాలం తీర్చుకుంటుంది, రెండోది మూడున్నరేళ్లు దాటుతుంది. పైన ముద్రించిన మైక్రోఫారడ్లు, వోల్టులు రెండింటిపైనా ఒకటే. ధరలో తేడా చాలా స్వల్పం. రిపిల్ కరెంటు వల్ల కెపాసిటర్ లోపల పుట్టే వేడిని కూడా కలిపితే ఈ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది.

ఎల్ఈడీ బల్బు ఈ లెక్కకు నిత్యజీవితంలోని నిదర్శనం. ప్రభుత్వ పథకాల కోసం ఈఈఎస్ఎల్ పెద్దమొత్తంలో బల్బులు కొనడం మొదలుపెట్టాక, 2014 ఆరంభంలో రూ. 310గా ఉన్న ఒక్కో బల్బు కొనుగోలు ధర రెండు మూడేళ్లలోనే రూ. 38కి దిగివచ్చింది. భారీ కొనుగోళ్లు, తయారీదారుల పోటీ, ఎల్ఈడీ చిప్‌ల ధరలు తగ్గడం దీనికి కారణాలు. పరిమాణం ధరను ఎంతగా మార్చగలదో చెప్పే ఈ ఉదాహరణకు ఇంకో పార్శ్వం ఉంది. ఎల్ఈడీ చిప్ పాతిక వేల గంటలు వెలగగలిగినా, దాని పక్కనే వేడిలో మగ్గే డ్రైవర్ సర్క్యూట్‌లోని కెపాసిటర్ అంతకాలం నిలవకపోతే బల్బు ఆరిపోతుంది. కొనేవాడికి మాత్రం ‘బల్బు పోయింది’ అన్నదే తెలుస్తుంది.

సిరామిక్ కెపాసిటర్ల మోసం మరోరకం. మోసం అనడం కొంత కఠినమే, ఎందుకంటే డేటాషీట్ ఏదీ దాచదు. ఎక్స్7ఆర్ అనే గుర్తుకు అర్థం మైనస్ 55 నుంచి 125 డిగ్రీల వరకు విలువ 15 శాతానికి మించి అటూఇటూ కాదని. వై5వీ అయితే మైనస్ 30 నుంచి 85 డిగ్రీల మధ్య 82 శాతం వరకు పడిపోవచ్చు. ఈ గుర్తులు చెప్పేది ఉష్ణోగ్రత సంగతి మాత్రమే. కెపాసిటరుపై స్థిర వోల్టేజి పడినప్పుడు విలువ ఎంత తగ్గుతుందన్నది వీటిలో లేదు. 10 మైక్రోఫారడ్లు, 6.3 వోల్టులు అని ఉన్న చిన్న పరిమాణపు సిరామిక్ కెపాసిటర్ 5 వోల్టుల వద్ద సగానికి పైగా విలువ కోల్పోవడం అరుదు కాదు. 2018లో ఈ కెపాసిటర్లకు ప్రపంచవ్యాప్త కొరత వచ్చినప్పుడు పెద్ద పరిమాణాలకు బదులు చిన్నవి వాడటం పెరిగింది. అదే విలువ, అదే వోల్టేజి, ఇంకా చిన్న పరిమాణం అంటే సాధారణంగా వోల్టేజి కింద మిగిలే కెపాసిటెన్స్ ఇంకా తక్కువ. ప్రత్యామ్నాయాన్ని ఎంచుకునేవారు చూడవలసినది ముద్రించిన విలువ కాదు, పనిచేసే వోల్టేజి వద్ద మిగిలే విలువ. సీ0జీ రకానికి ఈ బెడద లేదు, కానీ ఆ రకంలో పెద్ద విలువలు దొరకవు.

డయోడ్లలో ఒక దిశగా మాత్రమే చెల్లే సమానత్వం కనిపిస్తుంది. 1ఎన్4001 స్థానంలో 1ఎన్4007ను నిశ్చింతగా వాడవచ్చు. రెండూ 1 ఆంపియరువే, రెండోది 1,000 వోల్టుల వరకు తట్టుకుంటుంది. అందుకే చాలా దుకాణాలు 4007నే నిల్వ ఉంచుతాయి. కానీ అదే 4007ను స్విచింగ్ విద్యుత్ సరఫరాలో వేగవంతమైన డయోడ్ స్థానంలో పెడితే నిమిషాల్లో కాలిపోవచ్చు. వ్యతిరేక దిశలో ప్రవాహాన్ని ఆపడానికి దానికి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. 100 కిలోహెర్ట్జ్ వద్ద ఒక ఆవృత్తి మొత్తం 10 మైక్రోసెకన్లే. అక్కడ కావలసినది 75 నానోసెకన్లలో కోలుకునే యూఎఫ్4007 వంటిది, తక్కువ వోల్టేజి అయితే షాట్కీ డయోడ్ 1ఎన్5819.

ట్రాన్సిస్టర్లలో కాళ్ల క్రమమే మొదటి ఉచ్చు. చదునైన ముఖం తనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే బీసీ547కు ఎడమ నుంచి కుడికి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండూ చిన్న సంకేతాలకు వాడే ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లే. బేస్ నడుమనే ఉండటం వల్ల తిరగబడిన ట్రాన్సిస్టర్ కూడా కొంత పనిచేస్తుంది – గెయిన్ చాలా తక్కువగా. పూర్తిగా పనిచేయని బోర్డు కన్నా ఇలా అరకొరగా పనిచేసే బోర్డు మరమ్మతుదారును ఎక్కువ ఏడిపిస్తుంది. మాస్‌ఫెట్‌ల విషయంలో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ పేర్లలో తేడా ఒక్క అక్షరమే. మొదటిదాని నిరోధం గేటుపై 10 వోల్టులు ఉన్నప్పటి లెక్క. రెండోది 5 వోల్టులకే పూర్తిగా తెరుచుకుంటుంది. మైక్రోకంట్రోలర్ నుంచి నేరుగా నడిపే చోట మొదటిదాన్ని పెడితే సగం తెరిచిన తూములా మారి వేడెక్కుతుంది.

లాజిక్ చిప్‌లలో 74హెచ్‌సీ, 74హెచ్‌సీటీ శ్రేణుల సంగతీ ఇంతే. 5 వోల్టులపై నడిచే హెచ్‌సీ చిప్ 3.5 వోల్టులను దాటినదాన్నే ‘ఒకటి’గా గుర్తిస్తానని హామీ ఇస్తుంది, హెచ్‌సీటీకి 2 వోల్టులు చాలు. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ సంకేతాన్ని హెచ్‌సీ చిప్ ప్రయోగశాల బల్లపై సరిగానే అందుకోవచ్చు. వేయి బోర్డుల్లో, వేసవిలోనూ చలికాలంలోనూ అలాగే అందుకుంటుందన్న హామీ మాత్రం లేదు.

555 టైమరుకు సీమాస్ రూపాలు ఉన్నాయి. అసలు 555 తన పోషణకే 5 వోల్టుల వద్ద దాదాపు 3 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, టీఎల్‌సీ555 అందులో పదో వంతు కూడా తీసుకోదు. బ్యాటరీపై నడిచే పరికరానికి ఇది వరం. కానీ పాతది 200 మిల్లీఆంపియర్ల వరకు ఇవ్వగలిగితే, టీఎల్‌సీ555 బయటకు ఇవ్వగలిగినది 10 మిల్లీఆంపియర్లే. 400 ఓంల కాయిల్ గల 12 వోల్టుల రిలేకు 30 మిల్లీఆంపియర్లు కావాలి. రిలేను నేరుగా నడిపే సర్క్యూట్‌లో ఈ మార్పు చేస్తే రిలే కదలదు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ చేర్చాలి.

4. వోల్టేజి రెగ్యులేటర్: ఒక మార్పిడి పరిశీలన

12 వోల్టుల అడాప్టరుతో నడిచే ఒక బోర్డులో 5 వోల్టుల కోసం 7805 ఉందనుకుందాం. దాని స్థానంలో చిన్నదీ చవకైనదీ అయిన 1117 రకం రెగ్యులేటరును వాడాలన్న ఆలోచన సహజం. రెండూ 5 వోల్టులు ఇస్తాయి, రెండూ సుమారు 1 ఆంపియరు స్థాయివే. పైపెచ్చు 7805కు ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మధ్య 2 వోల్టుల తేడా కావలసి ఉండగా 1117కు 1.2 వోల్టుల పరిసరంలో చాలు.

ఇక్కడ నాలుగు చిక్కులున్నాయి. మొదటిది ఇన్‌పుట్ పరిమితి. 7805 గరిష్ఠంగా 35 వోల్టులు తట్టుకుంటుంది. 1117 రకాల్లో పలువురు తయారీదారుల చిప్‌లకు అది 15 వోల్టులే. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం అడాప్టర్ ‘12 వోల్టులు’ అని రాసి ఉన్నా, భారం తక్కువగా ఉన్నప్పుడు 16, 17 వోల్టులు ఇవ్వడం మామూలే. రెండోది కాళ్ల అమరిక. 7805లో లోహపు రెక్క భూమికి కలిసి ఉంటుంది, 1117లో అది అవుట్‌పుట్. రెక్కను పెట్టెకు బిగించే అలవాటు ఉన్న చోట ఇది నేరుగా షార్ట్ సర్క్యూట్.

మూడోది కంటికి కనిపించనిది. 1117 స్థిరంగా పనిచేయాలంటే అవుట్‌పుట్ వద్ద ఉండే కెపాసిటరుకు కొంత అంతర్గత నిరోధం ఉండాలి. ఎల్ఎం1117 డేటాషీట్ దాన్ని 0.3 ఓం నుంచి 22 ఓంల మధ్య ఉండాలంటుంది. సిరామిక్ కెపాసిటరుకు ఆ నిరోధం మిల్లీఓంలలోనే. రెగ్యులేటరుతోపాటు టాంటలమ్ కెపాసిటరును కూడా చవకైన సిరామిక్‌కు మారిస్తే, విడివిడిగా ‘నాణ్యమైన’ రెండు మార్పులు కలిసి 5 వోల్టుల గీతను కంపింపజేయవచ్చు. మల్టీమీటర్ అప్పుడు కూడా 5 వోల్టులే చూపుతుంది. ఆసిలోస్కోప్ మాత్రమే నిజం చెబుతుంది.

నాలుగోది వేడి, నిజానికి అసలు ప్రశ్న ఇదే. బోర్డు 0.3 ఆంపియరు తీసుకుంటే రెగ్యులేటరులో ఆవిరయ్యే శక్తి (12 – 5) × 0.3 = 2.1 వాట్లు. హీట్‌సింక్ లేని 7805కు వాటుకు సుమారు 65 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుంది. అంటే 136 డిగ్రీల పెరుగుదల. తెలుగునాట మే నెల మధ్యాహ్నపు 42 డిగ్రీలపైన ఇది అసాధ్యం. లోపలి రక్షణ వ్యవస్థ దాన్ని ఆపేస్తుంది. కనుక 7805కు అల్యూమినియం హీట్‌సింక్, మర, దాన్ని బిగించే కూలి తప్పవు. 1117తోనూ వేడి అంతే, దాన్ని వదిలించుకునే ఒళ్లు మాత్రం ఇంకా చిన్నది.

అదే చోట 85 శాతం సామర్థ్యం గల స్విచింగ్ రెగ్యులేటరును పెడితే 1.5 వాట్ల అవుట్‌పుట్‌కు వృథా అయ్యేది సుమారు 0.26 వాటు. హీట్‌సింక్ పోతుంది. అడాప్టర్ నుంచి 0.3 ఆంపియరుకు బదులు 0.15 ఆంపియరు చాలు కనుక చిన్న అడాప్టర్ సరిపోతుంది. పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చల్లగా ఉండి ఎక్కువకాలం బతుకుతాయి. చిప్ ఒక్కదాని ధర చూస్తే ఇది ఖరీదైన మార్గం, బోర్డు మొత్తం ధర చూస్తే చవకైనది. విడిభాగాల జాబితాను వరుసవారీగా తగ్గించుకుంటూ వెళ్లే కొనుగోలు విభాగాలు పోగొట్టుకునే పొదుపు ఇటువంటిదే. అయితే సున్నితమైన అనలాగ్ సంకేతాలు కొలిచే బోర్డులో స్విచింగ్ రొద కొత్త తలనొప్పి అవుతుంది. అక్కడ 7805 హీట్‌సింక్‌తో సహా కొనసాగడమే మేలు.

5. పొదుపు దొరికే ఇతర చోట్లు

భాగాన్ని మార్చకుండానే ఖర్చు తగ్గే అవకాశం ఎక్కువ బోర్డుల్లో ఉంటుంది. ఒకే బోర్డుపై 4.7, 5.1, 10 కిలో ఓంల పుల్-అప్ రెసిస్టర్లు కనిపిస్తే, చాలాసార్లు అది అవసరం వల్ల కాక వేర్వేరు నమూనాల నుంచి సర్క్యూట్‌ను అతికించడం వల్ల జరిగినది. వాటిని ఒకే విలువకు తెస్తే రీలు కొనుగోలు సాధ్యమవుతుంది. 0603, 0805 పరిమాణాల రెసిస్టర్లు సాధారణంగా 5,000 ఉన్న రీళ్లలో వస్తాయి. విడిగా కొన్న ధరకూ, రీలులో ఒక్కోదాని ధరకూ పొంతన ఉండదు. పైగా భాగాలు పెట్టే యంత్రంలో ప్రతి విలువకూ ఒక ఫీడర్ కావాలి కనుక విలువలు తగ్గితే కూర్పు ఖర్చూ తగ్గుతుంది.

మైక్రోకంట్రోలర్ల ఎంపికలోనూ అవసరానికి మించిన భాగం వాడటమే పెద్ద దుబారా. రెండు బటన్లు, ఒక రిలే ఉన్న పరికరానికి 32 బిట్ల పెద్ద చిప్ అక్కర్లేదు. డబ్ల్యూసీహెచ్ తెచ్చిన సీహెచ్32వీ003లో 16 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. పెద్దమొత్తంలో కొంటే అమెరికన్ లెక్కలో పది సెంట్ల లోపు దొరికే చిప్‌గా అది పేరుపొందింది. ఇప్పటికే రాసిన ప్రోగ్రామును మార్చడమే దీనికి చెల్లించే మూల్యం. 2020–22 మధ్య చిప్‌ల కొరతలో ఎస్‌టీఎం32ఎఫ్103 ధర అనేక రెట్లు పెరిగినప్పుడు చాలామంది జీడీ32ఎఫ్103 వైపు మళ్లారు. కాళ్ల అమరిక ఒకటే, రిజిస్టర్లూ చాలావరకు ఒకటే. కానీ మొదటిది గరిష్ఠంగా 72 మెగాహెర్ట్జ్, రెండోది 108 మెగాహెర్ట్జ్ వద్ద నడుస్తాయి. ఫ్లాష్ నుంచి ఆదేశాలు చదివే తీరు వేరు. ఖాళీ లూపులు తిప్పుతూ కాలాన్ని కొలిచిన ప్రోగ్రాములు కొత్త చిప్‌పై లెక్క తప్పాయి. టైమర్లను వాడుకున్న ప్రోగ్రాములకు ఆ బాధ తక్కువ. ప్రత్యామ్నాయానికి అనువుగా ఉండటం ప్రోగ్రాము రాసే రోజునే మొదలవుతుందన్నమాట.

6. పరీక్ష

ఒక పొదుపును అంగీకరించే ముందు దాని వెనుక లెక్క వేయాలి. ఉదాహరణకు వేయి పరికరాల్లో ఒక్కోదానికి రూ. 2 మిగిలితే మొత్తం పొదుపు రూ. 2,000. ఆ మార్పు వల్ల అదనంగా నూటికి ఒకటి చొప్పున పది పరికరాలు వారంటీలో తిరిగివచ్చి, ఒక్కోదానికి రవాణా, పనివారి ఖర్చు రూ. 250 అయితే రూ. 2,500 పోతుంది. పోయిన నమ్మకం ఈ లెక్కలో చేరలేదు.

నకిలీల తీవ్రతను తేలికగా తీసుకోరాదు. అమెరికా సెనేట్ సాయుధ సేవల సంఘం 2012 మేలో వెలువరించిన నివేదిక, రక్షణ సరఫరాలో సుమారు 1,800 అనుమానిత నకిలీ ఉదంతాలను, వాటిలో పది లక్షలకు పైగా విడిభాగాలను గుర్తించింది. పాత బోర్డుల నుంచి పీకిన చిప్‌లను రుద్ది, నల్లరంగు పూసి, కొత్త నంబరు ముద్రించడం అందులో కనిపించే ప్రధాన పద్ధతి. అంత కట్టుదిట్టమైన వ్యవస్థలోకే ఇవి చొరబడితే వీధి దుకాణం మాట చెప్పనక్కర్లేదు.

చిన్న తయారీదారు, మరమ్మతుదారు కూడా చేయగల పరీక్షలు ఉన్నాయి. అసిటోన్‌లో ముంచిన దూదితో చిప్ పైభాగాన్ని తుడిస్తే పూసిన రంగు కొన్నిసార్లు ఊడివస్తుంది. ఒకే పొట్లంలోని చిప్‌లపై తయారీ వారాలు వేర్వేరుగా ఉండటం, కాళ్లపై పాత టంకం ఆనవాళ్లు కనిపించడం అనుమాన సంకేతాలు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ విలువను మాత్రమే కాక అంతర్గత నిరోధాన్ని 100 కిలోహెర్ట్జ్ వద్ద ఎల్‌సీఆర్ మీటరుతో కొలవాలి. విలువ సరిగా ఉండి నిరోధం హెచ్చుగా ఉన్నది స్విచింగ్ సరఫరాకు పనికిరాదు.

ఒక్కోసారి సర్క్యూటే నకిలీని పట్టిస్తుంది. ఎల్ఎం2596 రెగ్యులేటర్ 150 కిలోహెర్ట్జ్ వద్ద స్విచ్ కావాలి. ఆ పేరుతో దొరికే చవక మాడ్యూళ్లలో కొన్ని 50 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో నడుస్తుంటాయి. మాడ్యూల్‌పై ఉన్న ఇండక్టర్ 150 కిలోహెర్ట్జ్‌కు లెక్కించినది కనుక రిపిల్ కరెంటు దాదాపు మూడింతలవుతుంది, అవుట్‌పుట్ కెపాసిటర్ వేడెక్కుతుంది. తక్కువ భారంపై ఇవన్నీ బాగానే పనిచేస్తాయి, అందుకే అమ్ముడవుతూనే ఉన్నాయి. ఆసిలోస్కోప్‌తో అర నిమిషం చూస్తే గుట్టు బయటపడుతుంది.

కొత్త భాగాన్ని పాతదానితో పక్కపక్కన పెట్టి, పూర్తి భారంపై, పరికరం పెట్టె మూసి, వేడి వాతావరణంలో కొన్ని రోజులు నడపడం మరో అవసరమైన పరీక్ష. మూత తీసిన బోర్డును ఫ్యాను కింద ఒక గంట నడిపి ‘సరిపోయింది’ అనడం పరీక్ష కాదు. మార్పు ఏ తేదీ నుంచి, ఏ వరుస సంఖ్య పరికరాల్లో జరిగిందో రాసి ఉంచాలి. రెండేళ్ల తరువాత పరికరాలు వరుసగా తిరిగివస్తే కారణం వెతకడానికి ఆ కాగితం ఒక్కటే ఆధారం.

7. మార్చకూడని స్థానాలు

విద్యుత్ సరఫరాకు, మనిషి తాకే భాగానికి మధ్య ఉండే విడిభాగాల విషయంలో పైన చెప్పిన వెసులుబాట్లేవీ వర్తించవు. మెయిన్స్ తీగల మధ్య ఉండే ఎక్స్2 కెపాసిటర్ స్థానంలో 400 వోల్టుల మామూలు ఫిల్మ్ కెపాసిటరును పెట్టడం మరమ్మతుల్లో కనిపించే అలవాటు. శిఖర విలువ 325 వోల్టులే కదా, 400 సరిపోతుందన్న తర్కం పైకి సబబుగానే ఉంటుంది. కానీ ఎక్స్2 వర్గపు కెపాసిటర్ 2,500 వోల్టుల తాకిడిని తట్టుకునేలా, చెడిపోయినా మంట అంటుకోకుండా పరీక్షించినది. పిడుగు పడినప్పుడో, దగ్గరలో పెద్ద మోటారు ఆగినప్పుడో లైనులో వచ్చే ఉప్పెనను మామూలు కెపాసిటర్ తట్టుకోలేక కాలిపోవచ్చు.

మెయిన్స్ వైపునూ తక్కువ వోల్టేజి వైపునూ కలిపే వై తరగతి కెపాసిటర్ సంగతి ఇంకా తీవ్రం. అది షార్ట్ అయితే చార్జరు తీగ పట్టుకున్న చేతికి నేరుగా 230 వోల్టులు చేరతాయి. వై2 రకాన్ని 5,000 వోల్టుల తాకిడికి, వై1 రకాన్ని 8,000 వోల్టులకు పరీక్షించడం అందుకే. చూడటానికి అలాగే ఉండే నీలిరంగు సిరామిక్ బిళ్ల చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. దానిపై భద్రతా గుర్తులు, వై తరగతి ముద్ర లేకపోతే అక్కడ దాని చోటు కాదు.

ఆప్టోకప్లర్లలో పీసీ817కు సమానమైనవి ఎన్నో ఉన్నాయి, చాలావరకు మంచివే. అక్కడ రెండు విషయాలు చూడాలి: ఇన్సులేషన్ వోల్టేజి, కరెంటు బదిలీ నిష్పత్తి. ఈ నిష్పత్తిని బట్టి ఏ రకానికి 80–160 శాతం, బీకి 130–260, సీకి 200–400, డీకి 300–600 అని విభజిస్తారు. సీ రకం ఉన్న చోట ఏ రకం పెడితే అవుట్‌పుట్ వోల్టేజిని అదుపులో ఉంచే వలయం ప్రవర్తన మారిపోతుంది. ఫ్యూజు స్థానంలో తీగముక్క, మంటకు లొంగని ఫ్యూజబుల్ రెసిస్టరు స్థానంలో మామూలు కార్బన్ రెసిస్టరు పెట్టడం కూడా ఈ కోవలోవే.

టీవీలు, విద్యుత్ సరఫరా యూనిట్ల సర్వీసు మాన్యువళ్లలో ఇటువంటి భాగాల పక్కన త్రిభుజంలో ఆశ్చర్యార్థకం గుర్తు వేస్తారు. తయారీదారు సూచించిన భాగాన్నే వాడాలని దాని అర్థం. మాన్యువల్ చేతిలో లేని మరమ్మతుదారుకు ఆ గుర్తు కనిపించదు. అప్పుడు బోర్డుపై వెడల్పుగా వదిలిన ఖాళీ గీతను, కొన్నిచోట్ల కోసిన సన్నటి చీలికను గమనించాలి. మెయిన్స్ వైపును తక్కువ వోల్టేజి వైపు నుంచి వేరుచేసే ఆ సరిహద్దును దాటే ప్రతి భాగాన్నీ గుర్తు ఉన్నట్లే భావించాలి.